ట్రెయిల్ షూ ఎక్కడ ఇబ్బంది పెడుతోంది? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కొండదారుల్లో, మట్టిదారుల్లో పరుగెత్తడానికి వాడే ట్రెయిల్ షూ ఏదైనా పది కిలోమీటర్ల వరకు బాగున్నట్టే ఉంటుంది. 50 కిలోమీటర్ల పందేనికి సిద్ధమవుతూ వారాంతంలో 25, 30 కిలోమీటర్లు కొండదారిలో పరుగెత్తడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలుస్తుంది. పాదం ఉబ్బుతుంది, అలసటతో అడుగు బరువుగా పడుతుంది, అంతవరకు పట్టించుకోని చిన్న తేడా గాయంగా మారుతుంది. అప్పుడు చాలామంది చేసే పని వెంటనే మరో జత కొనడం. మొదట్లో నేనూ అదే చేశాను. కారణం వెతకలేదు కాబట్టి రెండో జతలోనూ అదే నొప్పి వచ్చింది. అందుకే కొత్త షూ చూసే ముందు పాత షూను, మీ పాదాన్ని, మీరు రోజూ పరుగెత్తే నేలను ఒకసారి శ్రద్ధగా చూడమని అడుగుతున్నాను.

దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతోంది

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది దీని గురించే. వాలులో దిగేటప్పుడు పాదం ముందుకు జారి, వేళ్లు షూ ముందుభాగానికి వందలసార్లు తగులుతాయి. గోరు కింద రక్తం చేరి నల్లబడుతుంది. దీనికి కారణాలు రెండు: షూ పొట్టిగా ఉండటం, లేదా పొడవు సరిపోయినా మడమ దగ్గర పట్టు లేకపోవడం. ఏది మీ కారణమో తెలుసుకోవడం తేలిక. షూ లోపల పాదం కింద పరిచి ఉండే మెత్తను, అంటే ఇన్‌సోల్‌ను బయటికి తీసి నేల మీద పరచి, దాని మీద నిలబడండి. అన్నిటికంటే పొడవైన వేలికీ అంచుకూ మధ్య చేతి బొటనవేలి మందమంత, అంటే సెంటీమీటరుకు కాస్త ఎక్కువ ఖాళీ ఉండాలి. కొందరికి రెండో వేలే పొడవుగా ఉంటుంది; రెండు పాదాలు కూడా సరిసమానంగా ఉండవు. కొలత పెద్ద పాదానిదే తీసుకోవాలి.

ఖాళీ సరిపడా ఉన్నా గోరు నల్లబడుతుంటే షూ మార్చనవసరం లేదు, లేసు కట్టే తీరు మార్చండి. చీలమండ దగ్గర, వరుస చివర ఒక అదనపు రంధ్రం ఉంటుంది. మామూలుగా దాన్ని ఎవరూ వాడరు. లేసును అదే వైపున ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండో వైపూ అలాగే చేయండి. ఇప్పుడు ఒక్కో కొసను ఎదుటి ఉచ్చులోంచి తీసి, లాగి ముడి వేయండి. మడమ వెనక్కి కూర్చుంటుంది, వాలులో పాదం జారదు. ఈ ఒక్క మార్పుతో గోళ్లు బాగుపడ్డవాళ్లను నేను చాలామందిని చూశాను.

కొనడానికి మాత్రం సాయంత్రం వెళ్లండి, పాదం కొంత ఉబ్బి ఉంటుంది. పరుగుకు వేసుకునే సాక్సులే వెంట తీసుకెళ్లండి. దుకాణంలో మెట్లుంటే దిగి చూడండి. చదునైన నేల మీద నాలుగు అడుగులు వేస్తే ఈ లోపం బయటపడదు.

జారుతోంది, పట్టు దొరకడం లేదు

ఎక్కడ జారుతోంది అన్నదే ఇక్కడ ప్రశ్న. అడుగున ఉండే రబ్బరు పళ్లను దుకాణాల్లో లగ్స్ అంటారు. అవి ఎంత లోతుగా ఉంటే అంత పట్టు అనుకోవడం పొరపాటు.

హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లాంటి గ్రానైట్ మీద లోతైన పళ్లుంటే వాటి కొనలు మాత్రమే రాతిని తాకుతాయి. అక్కడ పనిచేసేది రబ్బరు మెత్తదనం, నేలను తాకే వైశాల్యం. 3 నుంచి 4 మిల్లీమీటర్ల పళ్లు, వైబ్రమ్ మెగాగ్రిప్ లాంటి అంటుకునే రబ్బరు ఉన్న షూ ఎంచుకోండి. తడిసి నాచు పట్టిన రాతి మీద ఏ రబ్బరూ నిలవదు. అక్కడ నడవండి.

తొలకరి తర్వాత తాండూరు వైపు కంది చేల గట్ల మీద పరుగెత్తి చూస్తే కథ పూర్తిగా వేరు. నల్లరేగడి పళ్ల మధ్య ఇరుక్కుని, పది అడుగుల్లో ఒక్కో షూ ఇటుకంత బరువెక్కుతుంది. పళ్లు దగ్గర దగ్గరగా ఉండటమే ఇందుకు కారణం. 5 నుంచి 6 మిల్లీమీటర్ల లోతుతో, దూరం దూరంగా ఉన్న పళ్లయితే మట్టిని కొంతవరకు విదిలిస్తాయి. సలోమన్ స్పీడ్‌క్రాస్ ఈ కోవలోది. అదే షూతో ఇంటి నుంచి కొండ దాకా తారురోడ్డు మీద రోజూ వెళితే మాత్రం పళ్లు త్వరగా అరిగిపోతాయి.

వికారాబాద్ అనంతగిరి దారుల్లోని ఎర్రటి మొరం మీద 4 మిల్లీమీటర్లు చాలు. మడమ కింది పళ్లు మాత్రం ముందువాటికి ఎదురు దిశలో ఉండాలి, దిగేటప్పుడు బ్రేకు వేసేవి అవే. ఒకే జత కొనగలిగితే నా సలహా 4 మిల్లీమీటర్లే. గట్టి వాన పడిన వారం నల్లరేగడి దారి మానుకుని మొరం దారి పట్టండి.

రాళ్లు అరికాలికి గుచ్చుకుంటున్నాయి

మిడ్‌సోల్, అంటే పాదానికీ అడుగు రబ్బరుకూ మధ్య ఉండే మెత్తటి పొర, పలచగా ఉన్నా, పాతబడి అణిగిపోయినా ఇలాగే ఉంటుంది. పాతబడితే మార్చాలి. కొత్తదైతే, ముందరిపాదం కింద రాక్ ప్లేట్ అనే గట్టి పలక ఉన్న షూ చూడండి. అది తుమ్మముల్లును కూడా చాలావరకు అడ్డుకుంటుంది. ప్రతి పరుగు తర్వాత షూ తిరగేసి పల్లేరు, తుమ్మ ముళ్లు ఏరేయండి. పైకి కనిపించని ముల్లు అడుగడుగుకూ లోపలికి దిగి, వారం తర్వాత కాలికి తగులుతుంది.

షూ తడిసి బొబ్బలు వస్తున్నాయి

నీరు లోపలికి రాని షూ కావాలని చాలామంది గోర్‌టెక్స్ పొర ఉన్నవి కొంటారు. మన వానలకు, మన ఎండలకు అది సరిపడదన్నది నా గట్టి అభిప్రాయం. వాగు దాటితే నీరు చీలమండ దగ్గరి నుంచే లోపలికి వస్తుంది, ఆ పొర దాన్ని బయటికి పోనివ్వదు. ఎండలో చెమటకూ అదే గతి. గాలి ఆడే జాలీ షూ తడిసినా పరుగులోనే నీరు కారిపోతుంది. నూలు సాక్సులు మానేసి సింథటిక్ లేదా ఊలు సాక్సులు వేసుకోండి. ఇంటికి వచ్చాక ఇన్‌సోల్ తీసి, లోపల పాత న్యూస్‌పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. మండుటెండలో పెడితే జిగురు ఊడుతుంది.

షూ మార్చాక పిక్కలు, మడమ వెనక స్నాయువు పట్టేస్తున్నాయి

మడమ ఎత్తుకూ వేళ్ల దగ్గరి ఎత్తుకూ ఉన్న తేడాను డ్రాప్ అంటారు. 10 మిల్లీమీటర్ల డ్రాప్‌కు అలవాటైన కాలు ఒక్కసారిగా ఆల్ట్రా కంపెనీ తయారుచేసే లాంటి సున్నా డ్రాప్ షూలోకి మారితే పిక్కల మీద భారం పెరుగుతుంది. తప్పు షూది కాదు, తొందరది. వారానికి ఒకటి రెండు చిన్న పరుగులతో మొదలుపెట్టి, నెలా రెండు నెలల్లో నెమ్మదిగా పెంచండి. అంత వ్యవధి లేకుండా పందెం దగ్గర పడితే పాత డ్రాప్‌లోనే ఉండిపోండి.

పాదం పైభాగం తిమ్మిరెక్కుతోంది

లేసు ఆ చోట బిగుసుకుంది. నొప్పి ఉన్నచోట లేసును అడ్డంగా దాటించకుండా, ఒక రంధ్రం వరకు నిలువుగా పైకి తీసుకెళ్లండి. వేళ్లు కూడా తిమ్మిరెక్కితే ముందుభాగం ఇరుకని అర్థం. వెడల్పు రకం వెతకాలి, పొడవు పెంచితే ప్రయోజనం లేదు.

బాగున్న షూతోనే ఇప్పుడు కాళ్లు త్వరగా అలసిపోతున్నాయి

500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య చాలా షూల మిడ్‌సోల్ చచ్చుబడుతుంది. బరువైన మనిషికి, రాతి నేల మీద ఇంకా ముందే. అడుగు పళ్లు నిక్షేపంగా కనిపిస్తుంటాయి కాబట్టి మోసపోతాం. పక్కల ముడతలు పడ్డాయా, బల్ల మీద పెడితే ఒక పక్కకు ఒరుగుతోందా చూడండి. ఒరిగిన షూతో పరుగెత్తితే చీలమండ మడతపడే ప్రమాదం కూడా ఉంది. కొన్న తేదీ ఇన్‌సోల్ కింద రాసి, కిలోమీటర్ల లెక్క పెట్టుకోండి. పందెం రోజు వేసుకునే జతతో కనీసం ఒక సుదీర్ఘ పరుగు ముందే పూర్తిచేసి ఉండాలి.

ఏ షూ వేసుకున్నా నొప్పి తగ్గడం లేదు

వేలితో నొక్కితే ఎముక మీద ఒకే చోట నొప్పి, రాత్రి పడుకున్నా సలుపు, కుంటుతూ నడవడం: ఇవి షూతో తీరేవి కావు. ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. పరుగు ఆ రోజే ఆపి ఎముకల వైద్యుడికి చూపించండి. మొదట్లో ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు కాబట్టి నొప్పి ఎప్పుడు మొదలైందో, ఆ వారాల్లో ఎన్ని కిలోమీటర్లు పెంచారో వైద్యుడికి వివరంగా చెప్పండి.