బేబీ ఆస్టిన్‌ను కాపాడుకునే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కారును సంపాదించినవారు చేసే మొదటి పొరపాటు దాదాపు అందరిదీ ఒకటే: ఇంటికి తెచ్చిన మర్నాడే పానాలు పట్టుకుని విప్పడం మొదలుపెడతారు. నేనూ అదే చేశాను. నా చేతికి వచ్చింది 1930 నాటి ఆస్టిన్ సెవెన్ టూరర్ (గుడ్డ టాపు తెరుచుకునే రకం), అంటే మన పెద్దవాళ్లు బేబీ ఆస్టిన్ అని పిలుచుకున్న బండి. సర్ హెర్బర్ట్ ఆస్టిన్ పద్దెనిమిదేళ్ల స్టాన్లీ ఎడ్జ్ అనే డ్రాఫ్ట్స్‌మన్‌తో దీని నమూనా గీయించాడు. 1922 నుంచి 1939 దాకా బర్మింగ్‌హామ్ దగ్గరి లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో ఇవి సుమారు 2 లక్షల 90 వేలు తయారయ్యాయి. అన్ని తయారయ్యాయి కాబట్టే నేటికీ చాలా మిగిలాయి, మిగిలాయి కాబట్టే ఇంగ్లండులో వీటి విడిభాగాలను ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసి ఈ సరదా పట్టుకున్నవారు ఉంటారు. కానీ నెలజీతం మీద బతికేవారు చేతనైనంతలో సొంతంగా చూసుకోగలిగేది ఇలాంటి చిన్న బండినే.

మొదటి నెల రోజులు దాన్ని చూడటానికే కేటాయించండి. నలువైపుల నుంచీ, కింద పడుకునీ, సీట్లు తీసీ ఫొటోలు తీసుకోండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాల్లో ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూసి, తేడా ఉంటే ఇంకేదైనా పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫివా రూపొందించిన టురిన్ చార్టర్ చెప్పే ముఖ్య సూత్రం కూడా ఇదే: ఉన్నదాన్ని ఉన్నట్టు నిలుపుకోవడం ముందు, కొత్తదనం తేవడం ఆ తర్వాత. ఇది నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఎడమ తలుపు మీద అరచేయంత సొట్ట ఉంటే, దాన్ని తీయమని ఒక టింకరింగ్ షెడ్డులో అప్పగించి వచ్చాను. వారం తర్వాత వెళ్లేసరికి తలుపును రేకు కనబడేదాకా గీకి, పుట్టీ పెట్టి, అద్దంలా మెరిసే కొత్త రంగు కొట్టి పెట్టారు. వాళ్ల దృష్టిలో అది నాకు చేసిన ఉపకారం. కానీ ఆ తలుపు మీద పై పెయింటు కింద పాత పొర, దాని కింద కర్మాగారంలో వేసిన రంగు, అంచున ఎవరో కుంచెతో రాసిన సగం చెరిగిన అక్షరాలు ఉండేవి. అవి ఏమిటో చదువుదామని నేను దాచుకున్న రోజు ఇక రాలేదు. అప్పటినుంచీ పెయింటును మెత్తటి నూలు గుడ్డతో, సబ్బు తగలని నీటితో తుడిచి, పలచగా మైనం పూయడం తప్ప మరేమీ చేయడం లేదు. మిగిలిన మూడు వైపులా ఉన్న పాత రంగు పక్కన ఆ తలుపు ఇప్పటికీ అరువు తెచ్చుకున్నదానిలా కనిపిస్తుంది.

పనిముట్ల విషయానికి వస్తే, మన మెకానిక్ దగ్గరుండే మిల్లీమీటర్ల పానాలు ఈ బండికి పనికిరావు. దీని నట్లు, బోల్టులు బ్రిటిష్ కొలతలవి. విట్‌వర్త్, బీఎస్ఎఫ్ పానాల సెట్టు ఒకటి కొనుక్కోవాలి. పదమూడో నంబరు పానా దాదాపు సరిపోతోంది కదా అని బిగిస్తే ఆ రోజుకు పని జరుగుతుంది. కానీ రెండుమూడుసార్లకు నట్టు మూలలు గుండ్రంగా అరిగి, తర్వాత ఉలి పెట్టి కొట్టవలసి వస్తుంది. విప్పిన ప్రతి బోల్టునూ తీసిన చోటికే మళ్లీ చేర్చేలా, చీటీ కట్టి చిన్న డబ్బాల్లో పెట్టుకోండి. ఇది చాదస్తంగా అనిపిస్తుంది కానీ, వేరే పొడవు బోల్టును ఇంజన్ కింది పెట్టె అయిన అల్యూమినియం క్రాంక్‌కేసులోకి బలవంతంగా ఎక్కిస్తే పోయేది బోల్టు కాదు, కేసు.

ఈ బండి ఆయుష్షు అంతా నూనెలోనే ఉంది కాబట్టి ఆ ఏర్పాటును కొంచెం వివరంగా తెలుసుకోవాలి. 747 సీసీ ఇంజన్‌లో నాలుగు సిలిండర్ల క్రాంక్‌షాఫ్ట్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసును) రెండు చివర్లలో రెండే బేరింగులు మోస్తాయి. మూడోది 1936లో గాని రాలేదు. పంపు నూనెను సన్నని జెట్ల గుండా క్రాంక్‌షాఫ్ట్ వైపు చిమ్మితే, తిరుగుతున్న క్రాంక్ దాన్ని పట్టుకుని, పిస్టన్ కడ్డీలు క్రాంక్‌ను పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగులకు అందజేస్తుంది. నేటి ఇంజన్లలా ఒత్తిడితో నూనెను ప్రతి బేరింగులోకీ నెట్టే పద్ధతి కాదు ఇది. అందుకే వేడెక్కిన ఇంజన్‌లో నూనె ఒత్తిడి రెండు మూడు పౌండ్లకు మించదు, దానికి కంగారు పడనక్కర్లేదు. డ్యాష్‌బోర్డు మీద చిన్న బొత్తాం ఒకటి ఉంటుంది. నూనె ప్రవహిస్తున్నంతసేపూ అది బయటికి పొడుచుకుని ఉంటుంది, ఆగితే లోపలికి పోతుంది. బండి నడుపుతూ అప్పుడప్పుడు దాన్ని వేలితో తాకి చూడటం నాకు అలవాటైపోయింది. అది లోపలికి పోయిందంటే ఆ క్షణమే ఇంజన్ ఆపేయాలి, ఇంటి దాకా లాగించాలన్న ఆలోచన పెట్టుకోకూడదు.

జెట్లు సన్నవి కావడంతో కొద్దిపాటి మడ్డి చాలు, అవి మూసుకుపోవడానికి. పైగా ఇందులో కాగితపు ఫిల్టరు లేదు, ఇంజన్ అడుగున నూనె నిలిచే సంప్‌లో జాలీ ఒకటే. అందుచేత నేను ప్రతి 800 కిలోమీటర్లకూ, అన్ని నడవకపోయినా ఏడాదికొకసారీ నూనె మారుస్తాను. క్రాంక్‌కేసు పక్కనున్న మూతలు విప్పి జెట్లలో సన్నని తీగ దూర్చి శుభ్రం చేస్తాను. ఏ నూనె వాడాలన్న దానిపై ఇద్దరు అభిరుచిదారులు కలిస్తే మూడు అభిప్రాయాలు వినిపిస్తాయి. నా మాట ఇది: ఇంజన్‌ను పూర్తిగా విప్పి శుభ్రం చేసి ఉంటే 20డబ్ల్యూ50 నూనె నిస్సంకోచంగా పోయవచ్చు. దశాబ్దాలుగా విప్పని ఇంజన్ అయితే డిటర్జెంట్ లేని ఎస్ఏఈ 30 నూనె మేలు, ఎందుకంటే డిటర్జెంట్ అడుగున పేరుకున్న మడ్డిని కదిలించి నేరుగా ఆ జెట్లలోకే పంపుతుంది. గేర్‌బాక్సులో ఇత్తడి, కంచు బుష్షులు ఉంటే జీఎల్-5 రకం నూనె పోయకండి, అందులోని గంధకపు మిశ్రమాలు వాటిని తినేస్తాయి.

చల్లబరిచే ఏర్పాటులో నీటి పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి, రేడియేటర్ నెత్తికి చేరుతుంది. చల్లారి బరువెక్కి కిందికి దిగుతుంది. ఈ ప్రసరణ సాగాలంటే రేడియేటర్ పై అరలో పైపు నోరు మునిగేటంత నీరు ఉండాలి. ఒక్క అంగుళం తగ్గినా నీరు కదలకుండా నిలబడి మరిగిపోతుంది. మన బోరు నీళ్లు అసలు పోయకూడదు. కుండ అడుగున పట్టే తెల్లటి సున్నమే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పడుతుంది, అక్కడ గీకడానికి వీలుండదు. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు నివారక ద్రవం కలిపి వాడండి. మే నెల మధ్యాహ్నం ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆవిరి కక్కితే పక్కకు తీసి, ఇంజన్ చల్లారేదాకా మూత ముట్టకుండా కూర్చోండి. వేడి మీద చన్నీళ్లు పోస్తే ఇనుప బ్లాకు పగలవచ్చు.

పెట్రోలు గురించి ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఆక్టేన్ సమస్య కాదు, ఈ ఇంజన్ల కంప్రెషన్ చాలా తక్కువ. సమస్య అందులో కలిపే 20 శాతం ఎథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పుకు దారి తీస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, కార్క్ సీళ్లను చెడగొడుతుంది. అదీగాక ఆ మిశ్రమానికి కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే పాత జెట్ సరిపోక ఇంజన్ సత్తువ తగ్గి వేడెక్కుతుంది, ఒక అంచె పెద్ద జెట్ వేస్తే కుదుటపడుతుంది. గొట్టాలన్నీ ఎథనాల్‌ను తట్టుకునేవి వేయించి, మూడు వారాలకు మించి బండి తీయనప్పుడు ట్యాంకునూ కార్బురేటర్ గిన్నెనూ ఖాళీ చేయడం నా పద్ధతి. 1930 బండిలో పెట్రోలు ట్యాంకు ఇంజన్ వెనుకే, బానెట్ కిందే ఉండి, పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. కాబట్టి బండి ఆపిన ప్రతిసారీ ట్యాప్ కట్టేయాలి, సీటు పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి.

బ్రేకులు నాలుగు చక్రాలకూ తీగలతో పనిచేస్తాయి. ఎంత బాగా సరిచేసినా ఇవి నేటి కారు బ్రేకుల్లా పట్టవని ముందే మనసుకు చెప్పుకుని, ముందున్న బండికి రెట్టింపు దూరం పాటించడమే సరైన సర్దుబాటు. తీగలకు గ్రీజు పట్టించి, జాకీ మీద ఎత్తి, చక్రాలన్నీ ఒకేసారి పట్టుకుంటున్నాయో లేదో చూడండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు; మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడవాలి. టైర్ల విషయంలో ఒక మాట: రిమ్ము 19 అంగుళాలది కాబట్టి బుల్లెట్ టైరు ఎక్కించవచ్చని సలహా ఇచ్చేవారు తారసపడతారు. అది మలుపులో వాలే రెండు చక్రాల బండి కోసం గుండ్రంగా చేసిన టైరు, వాలకుండా పక్కకు ఒత్తిడి మోసే కారుకు కాదు.

విద్యుత్తు ఆరు వోల్టులది. నూలు తొడుగు పొడిపొడిగా రాలుతున్న పాత తీగలను మాత్రం జాలిపడకుండా మార్చేయండి, నూలు తొడుగుతోనే కొత్తవి దొరుకుతాయి. బ్యాటరీకి ఒక ఫ్యూజు, ఒక కటాఫ్ స్విచ్చు అదనంగా పెట్టడం అసలుతనానికి భంగమని నేననుకోను.

మన వాతావరణంలో అసలు శత్రువు వాన. రేకు కింద బాడీని నిలబెట్టేది ఆష్ కొయ్య చట్రం. చెమ్మకు అది మెత్తబడుతుంది, ఆపైన చెదలు పడతాయి. తలుపు మూసినప్పుడు ఠక్కుమనకుండా బద్ధకంగా ఆనుతోందంటే కీలు కాదు, దాని వెనకున్న కొయ్యను అనుమానించాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపలి చెమ్మ బయటికి పోదు, నూలు దుప్పటి నయం. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతంలో ఉండేవారు ఛాసిస్ లోపలి మూలలకు ఏటా తుప్పు పట్టనివ్వని మైనం పట్టించాలి. వానాకాలమంతా బండిని కదపకపోతే ఇరుసుల కింద స్టాండ్లు పెట్టి టైర్ల మీద బరువు తీసేయండి.

కాగితాల సంగతి: 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకువెళ్లవచ్చు. రోజువారీ ప్రయాణానికీ వ్యాపారానికీ వాడకూడదు.

వానలు వెళ్లి, దసరా నాటికి బండిని మళ్లీ తీసేటప్పుడు నేరుగా సెల్ఫ్ కొట్టకండి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ నూనె పోసి, ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకుని, ఇగ్నిషన్ కట్టేసి హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలం ప్రయోగించకుండా ఇంకొక రోజు ఆగండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగిలిన వేళ్ల వైపే ఉండాలి, కడ్డీని చుట్టి పట్టకూడదు. ఇంజన్ రాజుకునేటప్పుడు వెనక్కి తన్నిందంటే చుట్టిన బొటనవేలు విరుగుతుంది. వేళ్లతో పాటు ఉన్నదైతే హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది, అంతే. ఇగ్నిషన్ వేసి తిప్పే రోజున ఇగ్నిషన్ మీటను ముందుగా రిటార్డ్ వైపు, అంటే నిప్పురవ్వ ఆలస్యంగా పడే వైపు పెట్టి, కింది నుంచి పైకి మాత్రమే లాగాలి, పై నుంచి కిందికి నెట్టకూడదు. ప్లగ్గులు లేకుండా సులువుగా తిరుగుతోందని తేలాక సెల్ఫ్‌తో అరనిమిషం చొప్పున ఆగి ఆగి తిప్పుతూ డ్యాష్‌బోర్డు వైపు చూస్తుండండి. నూనె పంపు నిండడానికి కాస్త సమయం పడుతుంది. బొత్తాం బయటికి వచ్చాకే ప్లగ్గులు బిగించి, పెట్రోలు ట్యాప్ తెరవండి.