ఎండాకాలానికి చలువ కళ్లద్దాలు కొనేముందు జాగ్రత్తలు

ముదురు రంగును చూసి రక్షణ ఉందని నమ్మకండి. అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపని నల్లటి అద్దం వెనుక కంటిపాప విప్పారుతుంది కాబట్టి, ఆ కిరణాలు మరింతగా లోపలికి చేరే ప్రమాదం ఉంది. 400 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం ఉన్న ఈ కిరణాలను అడ్డుకుంటుందని తెలిపే ‘యూవీ 400’ గుర్తును, రంగు నచ్చకముందే వెతకండి.

వాహనం నడిపేటప్పుడు అన్నిటికంటే ముదురైన 4వ కేటగిరీ అద్దాలు వాడకూడదు. అవి 8 శాతానికి మించి వెలుతురును రానివ్వవు.

ఎండలో వాటంతట అవే నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు కారులో అంతగా నల్లబడవు, ఎందుకంటే వాటి రంగు మార్చే కిరణాలను కారు ముందు అద్దమే చాలావరకు ఆపేస్తుంది.

పోలరైజ్డ్ అద్దాలు నీటి మీది మిరుమిట్లను తగ్గిస్తాయి గానీ, కొన్ని ఫోన్ తెరలు వాటిలోంచి నల్లగా కనిపిస్తాయి. సొంత ఫోన్‌తో పరీక్షించుకోవడం మేలు.

ఎంత ముదురు చలువ అద్దమైనా గ్రహణ సూర్యుణ్ణి చూడటానికి పనికిరాదు.