పాత చవక డ్రమ్ కిట్ నుంచి మంచి ధ్వని రాబట్టడం ఎలా?

చర్చిల్లోనూ, కళాశాల సంగీత బృందాల్లోనూ, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లోనూ ఏళ్ళ తరబడి వాడుతున్న చవక డ్రమ్ కిట్‌ను చూపించి, దీని చెక్క నాసిరకమని, కొత్తది కొనక తప్పదని చెప్పేవాళ్ళు చాలామంది తారసపడతారు. పోప్లార్ వంటి తేలిక చెక్కతో చేసిన షెల్ (డ్రమ్ గుండ్రని గొట్టం) అయినా సరే, గుండ్రం చెడకుండా, పొరలు విడిపోకుండా ఉంటే దాని నుంచి వినసొంపైన ధ్వని వస్తుంది. చాలా కిట్లను పాడుచేస్తున్నవి అరిగిపోయిన హెడ్లు (షెల్ రెండు వైపులా బిగించే పల్చని మూతలు), చుట్టూ ఒకేలా లేని బిగువు మాత్రమే.

ఈ పనికి ఒక డ్రమ్ కీ (రాడ్లను తిప్పే చిన్న పనిముట్టు), స్క్రూడ్రైవర్, పొడి గుడ్డ, కుట్టుమిషన్ నూనె, కొంచెం దూది చాలు. హెడ్లన్నీ విప్పి షెల్ లోపలి దుమ్ము తుడవండి, షెల్ బయట రాడ్లు దూరే దిమ్మలైన లగ్‌ల వదులైన స్క్రూలను లోపలి నుంచి బిగించండి, హెడ్‌ను బిగించే ప్రతి టెన్షన్ రాడ్ మరకూ ఒక్కో చుక్క నూనె వేయండి. షెల్‌ను తట్టినప్పుడు గలగలమంటే, పాత లగ్‌ల లోపల ఉండే స్ప్రింగులే అందుకు కారణం కావచ్చు. లగ్ విప్పి కాస్త దూది కూరితే ఆ శబ్దం ఆగిపోతుంది. తరువాత షెల్‌ను వంటింటి గ్రానైట్ గట్టు మీద బోర్లించి, గదిలో దీపం ఆర్పి, పైనుంచి లోపలికి టార్చి వేసి అంచు కిందినుంచి వెలుతురు వస్తోందేమో చూడండి. సన్నని గీతలా కనబడితే ఫరవాలేదు, సందు పెద్దదైతే పని తెలిసినవాళ్ళకు అప్పగించండి. స్నేర్ డ్రమ్ కింది అంచులో ఎదురెదురుగా కనిపించే రెండు పల్లాలు స్నేర్ వైర్ల (కింది హెడ్‌కు ఆనుకుని మోగే సన్నని తీగల) కోసం కావాలని పెట్టినవి కాబట్టి, లోపమనుకొని వాటిని ఎన్నడూ గరుకు కాగితంతో రుద్దకండి.

హెడ్ల విషయంలో నియమం ఇది: టామ్‌లకు (కిట్‌లో స్నేర్, బేస్ కాని డ్రమ్‌లకు) పైన రెండు పొరల హెడ్, కింద ఒక పొర హెడ్, స్నేర్‌కు పైన ఒక పొర కోటెడ్ (పైన గరుకు పూత ఉన్న) హెడ్. కిట్‌తో వచ్చిన కింది హెడ్లను పదేళ్ళయినా మార్చనివాళ్ళున్నారు. ధ్వనిలో సగం పాలు దానిదే కాబట్టి కింది హెడ్‌నూ మార్చాలి.

అసలు జాగ్రత్త పడవలసింది హెడ్ బిగించేటప్పుడు. హెడ్‌ను షెల్ మీద పెట్టి చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా పట్టుకోకుండా స్వేచ్ఛగా తిరగాలి. రిమ్ (హెడ్ అంచును పట్టి ఉంచే వలయం) పెట్టాక రాడ్లన్నిటినీ ముందు వేళ్ళతోనే, ఇక తిరగనంతవరకు బిగించాలి. డ్రమ్ కీ ఆ తరువాతే చేతిలోకి తీసుకోవాలి. తొందరలో ఒక రాడ్‌ను కీతో పూర్తిగా బిగించి పక్కదానికి వెళ్ళేవాళ్ళు రిమ్‌ను ఒక వైపుకు లాగేస్తారు, ఆపైన ఎంత సవరించినా హెడ్ సమంగా కూర్చోదు.

కీతో ఒక్కసారికి పావు చుట్టు మాత్రమే తిప్పాలి, అదీ పక్కపక్కనే కాకుండా ఎదురెదురుగా. ఆరు రాడ్లుంటే ఒకటి, నాలుగు, మూడు, ఆరు, అయిదు, రెండు అనే వరుస పాటించండి. అయిదే ఉంటే ఒకటి వదిలి ఒకటి, అంటే ఒకటి, మూడు, అయిదు, రెండు, నాలుగు. హెడ్ మీది ముడతలు పోయాక అరచేతిని మధ్యలో పెట్టి గట్టిగా అదమండి. కొత్త హెడ్ అయితే అంచులోని జిగురు చిటపటమంటుంది, దానికి కంగారు పడనక్కరలేదు.

ఇప్పుడు రెండో వైపు హెడ్ మోగకుండా డ్రమ్‌ను మడత దుప్పటి మీద పెట్టండి. హెడ్ నడిమధ్యన ఒక వేలు తేలికగా ఆనించి, ప్రతి రాడ్ దగ్గరా రిమ్‌కు అంగుళం దూరంలో కర్ర కొనతో మెల్లగా తట్టుతూ చుట్టూ రండి. మృదంగం వాయించేవారు కచేరీకి ముందు మూత చుట్టూ ఒక్కొక్క చోటా తట్టి శ్రుతి సరిచూసుకునే శ్రద్ధే ఇక్కడా కావాలి. ఒక చోట స్వరం తక్కువగా వినబడితే వెంటనే అక్కడే బిగించకండి. ఎదుటి రాడ్ బిగువు కూడా ఇక్కడి స్వరాన్ని మార్చవచ్చు గనుక ముందు దాని దగ్గర తట్టి వినండి. స్వరం ఎక్కువగా ఉన్న చోట, కావలసిన స్థాయికంటే కిందికి వదులు చేసి, మళ్ళీ పైకి బిగిస్తూ రావాలి. వదులు చేస్తూ వచ్చి అక్కడే ఆపేస్తే, మరలో మిగిలిన వదులు నాలుగు దెబ్బలకే శ్రుతిని చెడగొడుతుంది. ఒక టామ్‌కు అరగంట పట్టినా విసుగు పడకండి.

రెండు హెడ్లూ ఒకే స్వరంలో ఉంటే మోత ఎక్కువసేపు నిలుస్తుంది. కింది హెడ్‌ను పైదానికంటే కాస్త ఎక్కువ స్వరంలో పెట్టడమే సరైన పద్ధతి, ఎందుకంటే అప్పుడు మోత త్వరగా ఆగి దెబ్బ స్పష్టంగా వినబడుతుంది. మోత ఆపడానికి హెడ్ మీద టేపూ, టిష్యూ కాగితాలూ అంటించే పద్ధతిని నేను ఒప్పుకోను. అది అసమానమైన బిగువును కప్పిపెడుతుంది తప్ప సరిచేయదు, పైగా డ్రమ్‌కు ఉన్న కాస్త గొంతునూ నొక్కేస్తుంది. కాలితో వాయించే పెద్ద బేస్ డ్రమ్ ఒక్కదానికే మినహాయింపు: ముడతలు పోయినంత మాత్రమే బిగించి, రెండు హెడ్లకూ ఆనేలా మడత దుప్పటి ఒకటి లోపల పెడితే చాలు, నిండా దిండ్లు కూరనక్కరలేదు.

స్నేర్ కింది హెడ్ చాలా పల్చన, వేలితో గట్టిగా నొక్కితే సాగిపోతుంది. దాన్ని ముందు చెప్పిన వరుసలోనే బిగువుగా పెట్టి, వైర్లను మాత్రం మెల్లగా తట్టినా పలికేంతవరకే బిగించండి. కిట్ అంతా అమర్చాక ఏదో ఒక టామ్ కొట్టినప్పుడు స్నేర్ వైర్లు జరజరమంటే, వైర్లను ఇంకా బిగించకుండా ఆ టామ్ స్వరాన్ని కొద్దిగా పైకో కిందికో జరిపి చూడండి.