ఒక్క అంకె మార్చి చూడండి: డూమ్ మాడ్‌తో గేమ్ డిజైన్

గేమ్ డిజైన్ నేర్చుకోవాలనుకునే మా కాలేజీ జూనియర్లు ముందుగా అడిగేది "ఏ ఇంజిన్‌తో మొదలుపెట్టాలి అన్నా?" అని. అసలు ఇంజిన్ (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) జోలికే వెళ్లొద్దంటాను. సొంత గేమ్ మొదలుపెడితే మెనూలు, బొమ్మలు, సౌండ్లతోనే నెలలు గడిచిపోతాయి. డిజైన్ దాకా రానే రారు. ఇప్పటికే బాగా ఆడే గేమ్‌లో ఒక్క అంకె మార్చండి. ఇలా మార్చినదాన్నే మాడ్ అంటారు.

నా ఓటు 1993 నాటి షూటింగ్ గేమ్ డూమ్‌కే. కొనక్కర్లేదు, దాని బదులు ఆడుకోగలిగే ఫ్రీడూమ్ ఉచితం. రాక్షసుల బొమ్మలు వేరు, లెక్కలు అవే. ఆడటానికి జీజెడ్‌డూమ్, అంకెలు మార్చడానికి వ్యాక్‌ఎడ్4 దించుకోండి.

ఇంప్ అనే రాక్షసి నిప్పు బంతి విసురుతుంది. డూమ్‌లో సెకనుకి 35 టిక్‌లు, అంటే ఆట సెకనుకి 35 సార్లు ముందుకు కదులుతుంది. ఆ బంతి టిక్‌కి 10 యూనిట్లు కదులుతుంది. మనం నడిస్తే సుమారు 8, పరిగెత్తితే 16కి పైనే. అంటే వెనక్కి తిరిగి నడిచేవాడికి బంతి తగులుతుంది, పరిగెత్తేవాడు తప్పించుకుంటాడు. ఆటగాడి చేత పరుగు పెట్టించేది ఆ 10 అనే అంకే. నాకు డూమ్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇప్పుడు దాన్ని 20 చేయండి. వ్యాక్‌ఎడ్4 మన మార్పుల్ని దాచే ప్యాచ్ ఫైల్‌లో ఈ వేగాన్ని 65536తో హెచ్చవేసి రాస్తారు, కాబట్టి 655360 కనిపిస్తే కంగారు పడొద్దు, 1310720 అని మార్చండి. సేవ్ చేసి, ఆ ఫైల్‌ని జీజెడ్‌డూమ్ ఐకాన్ మీదికి లాగి వదలండి. ఆడేముందు ఏం మారుతుందనుకుంటున్నారో కాగితం మీద రాసుకోండి. ఇది మాత్రం మానొద్దు. ముందే రాసుకోకపోతే, ఆడాక "నేనూ అదే అనుకున్నా" అనిపిస్తుంది.

తర్వాత ఇంకొకరి చేత ఆడించండి. పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పొద్దు. మా తమ్ముడికి ఇస్తే, వాడు ఇంప్ ఉన్న హాల్లోకి అడుగే పెట్టలేదు. గుమ్మం చాటు నుంచే కాల్చి, మళ్లీ గోడ వెనక్కి తప్పుకున్నాడు. ఇంప్ ఆరోగ్యం మారలేదు, తుపాకీ మారలేదు, కానీ ఆట మొత్తం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

రెండో ప్రాజెక్టు అక్కడే దొరుకుతుంది. వేగం 20 దగ్గరే ఉంచండి. డూమ్ లెవెల్స్ గీసే అల్టిమేట్ డూమ్ బిల్డర్‌లో ఒక హాలు గీసి, మధ్యలో రెండు స్తంభాలు పెట్టి, ఆటగాడు మళ్లీ లోపలికి వస్తాడేమో చూడండి. రాకపోతే స్తంభాన్ని గుమ్మానికి ఇంకాస్త దగ్గరికి జరపండి.