తుపానుల కాలానికి ముందు సరఫరా విభాగాధిపతి చూసుకోవలసినవి

కోస్తాలో పెద్ద కంపెనీ గోదాముల, సరుకు రవాణా బాధ్యత మోసేవారికి అక్టోబరు, నవంబరు నెలలు గడ్డుకాలం. పండుగ అమ్మకాల కోసం డిపోలు కిక్కిరిసి ఉండేదీ, బంగాళాఖాతంలో తుపానులు బలపడేదీ దాదాపు అప్పుడే. హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది 2014 అక్టోబరు 12న. ఆ ఏడాది దీపావళికి అప్పటికి పట్టుమని పదిహేను రోజులు కూడా లేవు. కాబట్టి పండుగ సరుకంతా తీరంలోని ఒకే డిపోలో పోగుపడకుండా, సెప్టెంబరులోనే కొంత లోపలి జిల్లాల గోదాములకు మళ్లించాలి. అద్దె పెరుగుతుందని ఆర్థిక విభాగం గొణుగుతుంది, గొణగనివ్వండి.

దారుల విషయంలో చాలామంది చేసే పొరపాటు, రోడ్డు తెగితే రైలు ఉందిలే అనుకోవడం. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారితోపాటు పడుగుపాడు వద్ద రైలు పట్టాలూ దెబ్బతిన్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఐతవరం వద్ద మున్నేరు నీరు హైదరాబాద్–విజయవాడ రహదారిని ముంచెత్తిన రోజుల్లోనే కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో కేసముద్రం సమీపాన పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. రెండు దారులూ ఒకే వానకు లొంగేవైనప్పుడు రెండోదాన్ని ప్రత్యామ్నాయంగా లెక్కించకూడదు. ఏ నదిని ఏ వంతెన మీద దాటుతున్నామో పటం ముందు పెట్టుకుని రాసుకోవాలి.

చుట్టుదారి పట్టిన లారీకి ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ జీఎస్టీ రవాణా పత్రం) గడువు మరో చిక్కు. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఇచ్చే ఆ గడువును, అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల వరకే పొడిగించుకోవచ్చు. టోల్‌గేటు దగ్గర వానలో నిలిచిపోయిన డ్రైవరు ఆ పని చేయలేడు. రాత్రి డ్యూటీలో అందుకోసం ఒక మనిషిని తీరానికి దూరంగా ఉన్న కార్యాలయంలో కూర్చోబెట్టాలని ట్రాన్స్‌పోర్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది అధికారం ఎవరిదన్న సంగతి. హుద్‌హుద్ తరువాత విశాఖలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి సరిగా లేవు. అలాంటప్పుడు డిపో మేనేజరు లోడింగు ఆపాలన్నా, లారీలను వెనక్కి పంపాలన్నా ప్రధాన కార్యాలయం అనుమతి కోసం ఎదురుచూసేలా ఉంటే సరుకు నీళ్లపాలే. వాతావరణ శాఖ సాధారణంగా తీరంలో వాతావరణం చెడడం మొదలవడానికి 72 గంటల ముందు ముందస్తు సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. ఏ దశలో మేనేజరు ఎవరినీ అడగకుండా ఏం చేయవచ్చో, ఎంత ఖర్చు పెట్టవచ్చో సంతకంతో రాసి ఇవ్వాలి. నష్టం జరగని తుపానుకు చేసిన ఖర్చును తరువాత తప్పుపట్టబోమని కూడా అందులోనే రాయడం మంచిది.

గోదాములో పాత వరద మరక గోడ మీద ఎక్కడి వరకు ఉందో చూసి, పాడయ్యే సరుకును ఆపై అరల్లో పెట్టించాలి. కప్పు రేకుల కొక్కేలు, కాలువల పూడిక, నీరు చేరని ఎత్తులో జనరేటరు డీజిలు ఒక పూట పనే. బీమా పాలసీలో తుపాను, వరద రక్షణను ప్రీమియం తగ్గించుకోవడానికి తీసేశారేమో చూడాలి. బీమా మొత్తాన్ని ఏడాది సగటు నిల్వను బట్టి కాక పండుగ నాటి గరిష్ఠ నిల్వను బట్టి తీసుకోవాలి. తక్కువకు తీసుకుంటే వచ్చే పరిహారమూ ఆ నిష్పత్తిలోనే కోతపడుతుంది.

తీరం దాటాక బయలుదేరే మొదటి లారీలో అమ్మకపు సరుకు వద్దు. డిపో సిబ్బందికి తాగునీరు, టార్పాలిన్లు, డీజిలు, పంపుసెట్టు ఎక్కించి పంపండి.