ఎంఎక్స్1 పోలికలో తేడా వస్తోందా? ముందు ఇవి చూడండి

గుంటూరు, విజయవాడల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఫ్లూ లాంటి వైరస్‌లని అడ్డుకునే ప్రోటీన్‌ని ఇచ్చే ఎంఎక్స్1 జీన్‌ని మనిషి, ఎలుక, గేదెల్లో పక్కపక్కన పెట్టి చూసేవాళ్ల కోసం ఇది. లైవ్ వైరస్ జోలికి పోకుండా, ఫ్లూ పాలిమరేజ్‌ని (వైరస్ ప్రతులు తీసే ఎంజైమ్) ప్లాస్మిడ్లతో (చిన్న డీఎన్‌ఏ వలయాలు) కణాల్లో నడిపి, వెలుగునిచ్చే ఎంజైమ్ లూసిఫరేజ్ వెలుగు ఎంత తగ్గిందో కొలిచే మినీరెప్లికాన్ పద్ధతే వాడుతున్నారనుకుని రాస్తున్నాను.

గేదె రక్తంలో బ్యాండ్ రావడం లేదు

పీసీఆర్‌లో, అన్ని కణాల్లోనూ ఉండే యాక్టిన్ జీన్ బ్యాండ్ కూడా లేకపోతే ఆర్‌ఎన్‌ఏ పోయినట్టే. మే నెల ఎండలో ఊరి నుంచి బండి మీద తెచ్చిన రక్తంలో ఇంకేం మిగులుతుంది? ఐస్ డబ్బాలో తెచ్చి ఆ పూటే ఆర్‌ఎన్‌ఏ తీయండి. యాక్టిన్ వచ్చి ఎంఎక్స్1 రాకపోతే ప్రైమర్లని తిట్టుకోకండి. వైరస్ వచ్చినప్పుడు కణాలు వదిలే హెచ్చరిక ప్రోటీన్ ఇంటర్‌ఫెరాన్ తగిలితే గానీ ఈ జీన్ లేవదు. తెల్లరక్తకణాలకి పాలీ ఐసీ (వైరస్ ఆర్‌ఎన్‌ఏని పోలిన కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ) ఇచ్చి, కొన్ని గంటలాగి తీయండి.

లూసిఫరేజ్ అసలు వెలగడం లేదు

ఎంఎక్స్ వేయని కంట్రోల్ కూడా చీకటిగా ఉంటే, ఏ కణాల్లో చేశారో చూడండి. ఏ జంతువు ప్రోటీన్‌ని ఆ జంతువు కణాల్లోనే పరీక్షించాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు. రిపోర్టర్ ప్లాస్మిడ్లో (లూసిఫరేజ్ ఉన్నది) సాధారణంగా ఉండేది మనిషి పాల్-1 ప్రమోటర్, అంటే మనిషి ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-1 గుర్తుపట్టే స్విచ్. కుక్క ఎండీసీకే కణాల్లోనూ ఎలుక కణాల్లోనూ అది పలకదు. అన్నిటినీ మనిషి కణాలైన 293టీలోనే పెట్టండి. పాలిమరేజ్‌లో భాగమైన పీబీ2 పక్షి ఫ్లూది అయితే 627వ స్థానం కూడా చూసుకోండి: గ్లుటామిక్ ఆసిడ్ ఉంటే వెలుగు మందగిస్తుంది, లైసిన్ కావాలి.

ఎలుకది అడ్డుకోవడమే లేదు

జీన్ ఏ ఎలుకది? బాల్బ్-సీ, బ్లాక్-6 లాంటి ల్యాబ్ ఎలుకల్లో ఎంఎక్స్1 విరిగిపోయిన జీన్. ఫ్లూని తట్టుకుంటుందని శాస్త్రవేత్త లిండెన్‌మన్ 1962లో చెప్పిన ఏ2జీ రకంలో అది బాగుంటుంది. సీక్వెన్స్ అక్కడి నుంచే తీసుకోండి.

మనిషిది మరీ బలహీనంగా ఉంది

ఇక్కడే ఎక్కువమంది తొందరపడి తీర్పు రాసేస్తారు. మనుషుల్లో స్థిరపడిన ఫ్లూ రకాల ఎన్‌పీ (వైరస్ ఆర్‌ఎన్‌ఏని చుట్టి ఉండే ప్రోటీన్), మన ఎంఎక్స్-ఏ (మనిషి ఎంఎక్స్1 ప్రోటీన్) నుంచి తప్పించుకునేలా మారింది. పక్షి హెచ్5ఎన్1 ఎన్‌పీ పెట్టి చూడండి, అదే ఎంఎక్స్-ఏ గట్టిగా అడ్డుపడుతుంది. వైరస్ మారితే వరుసే తిరగబడొచ్చు. ఎలుక ఎంఎక్స్1 ఉండేది కేంద్రకంలో, ఫ్లూ ప్రతులు తయారయ్యేదీ అక్కడే, అందుకే అంత జోరు. సైటోప్లాజమ్‌లో పెరిగే వీఎస్‌వీ (వెసిక్యులర్ స్టొమాటైటిస్ వైరస్) మీద దాని ఆటలు సాగవు. సైటోప్లాజమ్‌లోనే ఉండే ఎంఎక్స్-ఏ మాత్రం వీఎస్‌వీనీ ఆపుతుంది. కాబట్టి ఏ వైరస్, ఏ ఎన్‌పీ అన్నది రాయకుండా "బలమైనది" అని థీసిస్‌లో పెట్టకండి.

ఎలుక ఎంఎక్స్2, మనిషి ఎంఎక్స్2 పొంతన లేవు

ఉండదు. ఎలుకలోని ఎంఎక్స్1, ఎంఎక్స్2 రెండూ ఎంఎక్స్1 వంశానివే, మనిషి ఎంఎక్స్2తో కలిసేది పేరు మాత్రమే. వంశవృక్షం గీశాకే జతలు కట్టండి.

రిపీట్ చేసిన ప్రతిసారీ అంకెలు మారుతున్నాయి

మొత్తం డీఎన్‌ఏని ఖాళీ వెక్టర్‌తో సమం చేయండి. అన్నిటికీ ఒకే ట్యాగ్ పెట్టి, వెస్టర్న్ బ్లాట్‌లో ప్రోటీన్ మోతాదు సరిచూడండి. జీటీపీని కోయలేని టీ103ఏ మ్యూటెంట్ ఎంఎక్స్-ఏ కూడా వెలుగు తగ్గిస్తోందంటే మీరు కొలుస్తున్నది యాంటీవైరల్ శక్తిని కాదు, ప్లాస్మిడ్ ఎక్కువైంది.