కొండ మీది చుట్టుదారిలో పగటి నడక ఎలా చేయాలి?

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కొండలను ఎత్తు చూసి తక్కువగా అంచనా వేయకూడదు. కొండవీడు కోట ఉన్న ఎత్తు వెయ్యి అడుగులకు పైచిలుకే అయినా, ఎండకు కాగిన బండలు, నీడ దొరకని మిట్టలు, సముద్రం దగ్గర కావడంతో చెమట ఆరనివ్వని ఉక్క కలిసి ఆ వెయ్యి అడుగులను బాగా కష్టమైన నడకగా మారుస్తాయి. దానికి తోడు చుట్టుదారి అంటే, అనగా ఒక దారిన ఎక్కి మరో దారిన దిగి బయలుదేరిన చోటికే చేరడం అంటే, సగం దూరం దాటిన తరువాత వెనక్కి తిరిగినా ముందుకు సాగినా మిగిలే దూరంలో పెద్ద తేడా ఉండదు. కాబట్టి మానుకోవాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం సగం రాకముందే జరగాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఆ నిర్ణయాన్ని సరైన సమయంలో తీసుకునేందుకే.

దారినీ దిక్కునూ నిర్ణయించుకోవడం

కొండవీడునే ఉదాహరణగా తీసుకుందాం. అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చిన రెడ్డిరాజుల కోట ఇది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దీనిని జయించారు. ప్రస్తుతం ఈ ప్రాంతం పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. గుంటూరు నుంచి వచ్చేవారు ఫిరంగిపురం వైపు నుంచి గానీ, చిలకలూరిపేటకు పోయే జాతీయ రహదారి వైపు నుంచి గానీ చేరవచ్చు. పైకి పాత కాలిబాటలో ఎక్కి, కోటలోని చెరువులనూ బురుజులనూ చుట్టి, ఘాట్ రోడ్డు మీదుగా దిగితే చుట్టు పూర్తవుతుంది. కాలిబాట మొదలయ్యే చోటుకూ, ఘాట్ రోడ్డు కిందికి చేరే చోటుకూ మధ్య ఉన్న దూరాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే అలసిన కాళ్లకు చదును నేల మీది ఆ చివరి నడకే అన్నింటికన్నా విసుగు పుట్టిస్తుంది.

ముందురోజే ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి దారిని గుర్తించి, ఆ ప్రాంతపు మ్యాప్‌ను ఇంటర్నెట్ లేకుండా కూడా తెరుచుకునేలా దాచుకోవాలి. ఊళ్లో పశువులను కొండకు తోలేవారిని, సీతాఫలాలు కోసుకొచ్చేవారిని అడిగితే ఏ బాట ముళ్లతో మూసుకుపోయిందో, ఏది తెరిచి ఉందో మ్యాప్ కన్నా కచ్చితంగా చెబుతారు. రక్షిత అడవిలోకి వెళ్లే దారి అయితే అటవీ శాఖ అనుమతి కావాలేమో ముందే కనుక్కోవాలి.

ఏ వైపు నుంచి ఎక్కాలన్నదానికి రెండు సూత్రాలు ఉన్నాయి. నిట్టనిలువుగా ఉన్న వైపు ఎక్కి, వాలు తక్కువగా ఉన్న వైపు దిగడం మోకాళ్లకు మేలు. రెండవది నీడకు సంబంధించినది: ఉదయం కొండకు పడమటి వాలు చాలాసేపు నీడలో ఉంటుంది, మధ్యాహ్నం తరువాత తూర్పు వాలు నీడలోకి వస్తుంది, అందువల్ల వీలున్నచోట పడమట ఎక్కి తూర్పున దిగాలి. ఈ రెండూ పొసగనప్పుడు నేనైతే నీడకే మొగ్గు చూపుతాను. మోకాళ్లకు చేతికర్ర సాయం ఉంది గానీ, ఎండకు అలాంటి సాయం లేదు.

సమయం లెక్క

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఈ నడకకు అనువైన కాలం. మార్చి దాటితే మధ్యాహ్నపు నడక మానుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆలోచనే వద్దు. వానాకాలంలో కొండ పచ్చగా కనువిందు చేస్తుంది కానీ నాచు పట్టిన రాళ్లు, మనిషెత్తు గడ్డి కలిసి బాటను కనిపించనివ్వవు.

నడకకు పట్టే సమయాన్ని లెక్కగట్టడానికి స్కాట్లాండ్‌కు చెందిన విలియం నేస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. ఆయన లెక్క చల్లటి దేశంలో బలమైన నడకరులకు సరిపోయేది కనుక మన కొండల మీద వచ్చిన మొత్తానికి సగం కలపాలి. ఉదాహరణకు, 12 కిలోమీటర్ల దారిలో మొత్తం 450 మీటర్లు ఎక్కవలసి ఉంటే సూత్రం ప్రకారం 3 గంటల 10 నిమిషాలు. సగం కలిపితే 4 గంటల 45 నిమిషాలు. విశ్రాంతికి, కోట చూడటానికి గంటన్నర వేసుకుంటే ఆరుగంటలు దాటుతుంది. తెల్లవారి ఆరింటికి మొదటి అడుగు వేస్తే పన్నెండున్నరకు కిందికి చేరతారు. అదే ఎనిమిదింటికి టిఫిన్ చేసి తీరిగ్గా బయలుదేరితే మిట్టమధ్యాహ్నం పైన బురుజుల దగ్గర మాడిపోతారు. డిసెంబరులో అయిదున్నర దాటగానే పొద్దు వాలిపోతుంది కాబట్టి, ఎంత ఆలస్యమైనా నాలుగింటికల్లా కొండ దిగేసేలా చూసుకోవాలి.

నెల ముందు నుంచి సాధన

వారానికి రెండుమూడు రోజులు మెట్లు ఎక్కితే చాలు. మంగళగిరిలో పానకాల స్వామి గుడికి వెళ్లే మెట్లు, విజయవాడలో ఇంద్రకీలాద్రి మెట్లు, గాంధీ కొండ ఇందుకు బాగా పనికొస్తాయి. చాలామంది ఎక్కడాన్నే సాధన అనుకుంటారు గానీ, మరునాడు తొడలు పట్టేసేది ఎక్కుడు వల్ల కాదు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి రావడం వల్ల ఆ నొప్పి వస్తుంది. అందుకని ఆటోలో దిగకుండా మెట్ల మీదే దిగాలి. చివరి రెండు వారాలు వీపున సంచిలో నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకుని ఎక్కితే అసలు రోజున భుజాలు కొత్త బరువుకు ఇబ్బందిపడవు.

సంచిలో ఏముండాలి

మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు తప్పనిసరి. కొండవీటి మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి కానీ ఆ నీళ్లు ముఖం కడుక్కోవడానికే, తాగడానికి కాదు. ఒకే పెద్ద సీసా బదులు లీటరు సీసాలు నాలుగు పెట్టుకుంటే ఎంత తాగామో, ఎంత మిగిలిందో కంటికి తెలుస్తుంది. ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలపాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నింటిలోనే, పొడి మొత్తం వేసి కలపాలి. తిండికి పులిహోరను మించింది లేదు: చింతపండు పులుపు వల్ల ఎండలోనూ పాడవదు, ఉప్పు కూడా అందుతుంది. దద్దోజనం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. వేరుశనగ చిక్కీలు, ఖర్జూరాలు జేబులో ఉంటే నడుస్తూనే తినవచ్చు.

మడమ గట్టిగా పట్టే బూట్లు, పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల నూలు చొక్కా, అంచున్న టోపీ, టార్చి, విజిల్, పవర్ బ్యాంక్, కట్టు గుడ్డ, ఒక చేతికర్ర ఉండాలి. బూట్ల తాళ్లను ఎక్కేటప్పుడు కాస్త వదులుగా, దిగేముందు మళ్లీ విప్పి చీలమండ దగ్గర బిగించి కట్టాలి. లేకపోతే ప్రతి అడుగుకూ పాదం ముందుకు జారి బొటనవేలి గోరు బూటుకు కొట్టుకుని నల్లబడుతుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఏ దారిన దిగుతారో, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వాలి. ఒంటరిగా వెళ్లకూడదు, నలుగురు ఉంటే ఒకరు గాయపడినా ఒకరు తోడుండి ఇద్దరు సాయానికి పోగలరు.

నడకలో

మొదటి అరగంట కావాలనే నెమ్మదిగా నడవాలి. పక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అది సరైన వేగం. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి, దారి తెలిసినవారు చివరన ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగాలి.

కాలిబాట ముగిసి కోట లోపలికి చేరిన చోట ఆగి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: అనుకున్న సమయానికే వచ్చామా, ఒక్కొక్కరి దగ్గర కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉన్నాయా, అందరిలోకీ నీరసంగా ఉన్నవారు తిన్నది ఇముడుతోందా. వీటిలో ఒక్కదానికి జవాబు కాదని వచ్చినా చెరువులు, బురుజులు మరోసారి చూసుకోవచ్చని తేల్చుకుని, వెంటనే ఘాట్ రోడ్డు పట్టుకుని దిగిపోవాలి. ఏ కొండకు వెళ్లినా ఇలాంటి అడ్డదారి ఒకటి ముందే చూసి పెట్టుకోవడం అవసరం. ఆ నిర్ణయాన్ని ఓట్లకు పెట్టకూడదు. అలసినవారు మొహమాటానికి ‘పర్వాలేదు’ అనే అంటారు.

రాళ్ల మీద నడిచేటప్పుడు పెద్ద బండకన్నా దాని మీద చల్లినట్టుండే సన్నటి గులకే ప్రమాదం. ఏటవాలు బండ మీద ఆ గులక కాలి కింద దొర్లుతుంది కాబట్టి మడమ మోపకుండా పాదం మొత్తాన్ని ఒకేసారి ఆనించి, మోకాలిని కాస్త వంచి, చిన్న అడుగులు వేయాలి. ఎండుటాకులు పరచుకున్న చోట ముందుగా కర్రతో తట్టి చూడాలి. ఆకుల కింద గొయ్యి ఉండవచ్చు, రక్తపింజర కూడా ఉండవచ్చు. చేయి పెట్టే ప్రతి రాతి సందునూ ముందు కంటితో చూసుకోవాలి. పాత కట్టడాల కమానుల కింద, బండల చూరున పెద్ద తేనెపట్లు ఉంటే అక్కడ పొగ పెట్టకుండా, అరవకుండా పక్కకు తప్పుకోవాలి.

ప్రమాదం ఎదురైతే

పాము కాటు వేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయరాదు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, కరిచిన కాలు లేదా చేయి కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించి 108కు ఫోన్ చేయాలి. విషానికి విరుగుడు ఆసుపత్రిలోనే దొరుకుతుంది.

తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం కనిపిస్తే నీడలో కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ తాగించాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బే అనుకోవాలి. అప్పుడు నోట్లో నీళ్లు పోయకుండా ఒంటి మీద పోసి, చొక్కాలతో విసురుతూ 108 వచ్చేదాకా చల్లబరచాలి. సిగ్నల్ లేనిచోట విజిల్‌ను మూడేసి సార్లు, నిమిషానికోసారి ఊదాలి.

దిగిన తరువాత ఇంటికి ఫోన్ చేసి, అరగంట కూర్చుని, మజ్జిగ తాగిన తరువాతే బండి తీయాలి. అలసటతో జాతీయ రహదారి మీద బండి నడపడం కొండ మీది ప్రమాదాలకు తీసిపోదు. మరునాడు తొడలు నొప్పిగా ఉన్నా పడుకుని ఉండిపోకుండా కాసేపు మెల్లగా నడిస్తే రెండుమూడు రోజుల్లో సర్దుకుంటుంది. మోకాలు వాచి ఉంటే మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాలి.